హైస్కూలు పిల్లలకి ల్యాబ్ ఇంటర్న్‌షిప్: డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

జనవరి వచ్చిందంటే అమెరికాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. "మావాడు లెవెన్త్ గ్రేడ్, మెడిసిన్ అంటున్నాడు, సమ్మర్‌కి మంచి ఇంటర్న్‌షిప్ ఏదైనా ఉంటే చెప్పండి." కింద వరసగా లింకులు పడతాయి. కొన్నింటికి గడువు అప్పటికే దాటిపోయి ఉంటుంది. ఇంకొన్ని డబ్బు కడితే చాలు సీటిచ్చే రకం. నేను ఒక మెడికల్ స్కూల్ ల్యాబ్‌లో పనిచేస్తాను. వేసవిలో వచ్చే హైస్కూలు పిల్లలకి బ్యాడ్జి ఇప్పించడం, సేఫ్టీ ట్రైనింగ్ పూర్తిచేయించడం, బెంచ్ దగ్గర పని నేర్పడం నా డ్యూటీలో భాగం. కాబట్టి కింద చెప్పేదంతా పిల్లల్ని తీసుకునేవాళ్ల వైపు నుంచి చెప్తున్న మాట.

పోటీ వద్దు, ఒత్తిడి వద్దు అని ఉపదేశం చేయను. హైస్కూలు నుంచే మెడికల్ సీటిచ్చే బ్రౌన్ యూనివర్సిటీ పీఎల్ఎంఈ, మిస్సోరీ యూనివర్సిటీ కాన్సస్ సిటీలోని ఆరేళ్ల ప్రోగ్రామ్ లాంటి వాటికి అప్లై చేసే పిల్ల పదిహేడేళ్లకే "నాకు డాక్టర్ పని ఎలా ఉంటుందో తెలుసు" అని చూపించుకోవాలి. ఆ ఆట నియమాలు మనం రాసినవి కావు. అయితే ఆడేటప్పుడు రెండు ప్రశ్నలు మాత్రం గట్టిగా పట్టుకోండి. మీ పిల్లని ఎవరు, ఎందుకు ఎంచుకున్నారు? ఎంచుకున్నాక పక్కన కూర్చుని పని నేర్పేది ఎవరు, వారానికి ఎన్ని గంటలు? బ్రోషర్ మీద ఉన్న యూనివర్సిటీ లోగో ఈ రెండింట్లో దేనికీ సమాధానం కాదు.

ఫీజు లేకుండా, పోటీ మీద తీసుకునే ప్రోగ్రామ్‌లు కొన్ని ఉన్నాయి. ఎమ్ఐటీలో జరిగే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ (ఆర్ఎస్ఐ) 1984 నుంచి నడుస్తోంది. ఏటా సుమారు 100 మందిని తీసుకుంటారు, ట్యూషన్ లేదు. టెక్సస్ టెక్ యూనివర్సిటీలో క్లార్క్ స్కాలర్స్ అని ఉంది. అందులో 12 సీట్లే, ఏడు వారాలు, మొదలయ్యేనాటికి 17 ఏళ్లు నిండాలి. స్టోనీ బ్రూక్‌లో సైమన్స్ ప్రోగ్రామ్‌కి స్కూలే నామినేట్ చేయాలి. స్టాన్‌ఫర్డ్ మెడికల్ స్కూల్ నడిపే సిమ్మర్, అంటే ఎస్ఐఎంఆర్, ఎనిమిది వారాలు ఉంటుంది, స్టైపెండ్ ఇస్తారు కానీ వసతి మాత్రం మీరే చూసుకోవాలి. వీటి గడువులు ఎక్కువగా డిసెంబర్ నుంచి ఫిబ్రవరి లోపే ముగుస్తాయి. అంటే టీచర్ల రికమెండేషన్ లెటర్లు అక్టోబర్, నవంబర్‌లోనే అడిగి పెట్టుకోవాలి. స్ప్రింగ్ బ్రేక్‌లో మేలుకుంటే మిగిలేది ఫీజు కట్టించుకునేవే.

ఒక హెచ్చరిక. పై పేర్లు విని "మనవాడికి గ్యారంటీ" అనుకోకండి. ఇవి కాలేజీ అడ్మిషన్ కంటే కష్టమైన సీట్లు. పైగా ప్రభుత్వ నిధుల మీద నడిచే ప్రోగ్రామ్‌లు ఏ ఏడాదైనా ఆగిపోవచ్చు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్ఐహెచ్) ఏళ్ల తరబడి నడిపిన సమ్మర్ ఇంటర్న్‌షిప్‌ని 2025లో రద్దుచేసింది. అప్పటికే అదొక్కటే నమ్ముకున్న పిల్లలకి వేరే దారి వెతుక్కునే టైమ్ లేకపోయింది. ప్లాన్‌లో ఎప్పుడూ మూడు రకాలు ఉండాలి: పోటీ ప్రోగ్రామ్ ఒకటో రెండో, ప్రొఫెసర్లకి నేరుగా రాసిన మెయిళ్లు, ఎవరూ కాదనలేని స్థానిక పని ఒకటి. హాస్పిటల్ వాలంటీరింగ్ ఈ మూడో రకం.

వీసా, వయసు ముందు చూసుకోండి

మన కుటుంబాల్లో ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే, అదీ ఏప్రిల్‌లో. ఒక ఉదాహరణ తీసుకుందాం. డాలస్‌లో లెవెన్త్ గ్రేడ్ అమ్మాయి, తండ్రిది హెచ్-1బీ, ఐ-140 ఎప్పుడో అప్రూవ్ అయింది, ప్రయారిటీ డేట్ రాలేదు. అమ్మాయి హెచ్-4లో ఉంది. మంచి మార్కులు, మంచి ఎస్సే, సీటు వచ్చింది. ఆన్‌బోర్డింగ్‌లో హెచ్ఆర్ వాళ్లు ఐ-9 ఫారం పంపితే కానీ ఇంట్లో ఎవరికీ గుర్తు రాలేదు: హెచ్-4 పిల్లలకి పని చేసే అనుమతి లేదు. 2015లో వచ్చిన హెచ్-4 ఈఏడీ నిబంధన భార్యాభర్తలకే, పిల్లలకి కాదు. స్టైపెండ్ అన్నా, జీతం అన్నా, డబ్బు చేతికి వస్తే అది చిక్కే.

"డబ్బు వద్దు లెండి, ఊరికే చేస్తుంది" అంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మిగతా పిల్లలందరికీ జీతం ఇచ్చే పనిని మీ పాప ఒక్కతే ఉచితంగా చేస్తే అది వాలంటీరింగ్ కిందికి రాకపోవచ్చు. హాస్పిటల్ వాలంటీర్ డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఉచితంగా చేసే పని వేరు, ఇది వేరు. మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌కి ఒక్క మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి. గ్రీన్ కార్డు ప్రాసెస్‌లో ఆ చిన్న తప్పు ఎప్పుడో బయటపడితే దిద్దుకోవడం కష్టం. ఐ-485 ఫైల్ చేసి ఉంటే పిల్లలు కూడా ఈఏడీకి అప్లై చేసుకోవచ్చు. కానీ స్టాన్‌ఫర్డ్ ఎస్ఐఎంఆర్ లాంటివి పౌరసత్వం గానీ చేతిలో గ్రీన్ కార్డు గానీ ఉండాలంటాయి, ఈఏడీ చెల్లదు. అందుకని ఏ ప్రోగ్రామ్ అయినా పేజీ తెరవగానే ఎస్సే ప్రశ్నలకి వెళ్లకండి, ఎలిజిబిలిటీ లైన్ చదవండి. ఆర్ఎస్ఐ, క్లార్క్ లాంటివి విదేశీ విద్యార్థులని కూడా తీసుకుంటాయి. అయినా స్టైపెండ్ ఉన్నచోట లాయర్ మాట తప్పనిసరి.

వయసు సంగతీ అంతే. ఎస్ఐఎంఆర్‌కీ సైమన్స్‌కీ 16 నిండాలి. ఒక గ్రేడ్ ముందుకి దూకించిన పిల్లలు చదువులో ముందుంటారు గానీ ఇక్కడ ఆగిపోతారు. ప్రోగ్రామ్‌లో కాకుండా ఒక ప్రొఫెసర్ వ్యక్తిగతంగా ఒప్పుకున్నా, మైనర్లని ల్యాబ్‌లోకి రానివ్వడానికి ప్రతి యూనివర్సిటీకీ సొంత పాలసీ ఉంటుంది: తల్లిదండ్రుల సంతకం, సేఫ్టీ ఆఫీస్ అనుమతి, సూపర్‌వైజర్ బ్యాక్‌గ్రౌండ్ చెక్. రేడియోధార్మిక పదార్థాలు, ప్రయోగ జంతువులు, ఇన్‌ఫెక్షన్ సోకే నమూనాలు మైనర్లకి చాలాచోట్ల నిషేధం. ఈ కాగితాలకి నెల పట్టడం మామూలే. ప్రొఫెసర్ "ఓకే" అన్న మెయిల్ చూసి వేసవికి కొన్న ఫ్లోరిడా టికెట్లు క్యాన్సిల్ చేసుకోకండి. "పేపర్‌వర్క్ ఎవరు చూస్తారు, వాళ్ల పేరు చెప్తారా" అని మీ పిల్లే మర్యాదగా అడగాలి.

డబ్బు కట్టే ప్రోగ్రామ్‌లు

అన్నీ మోసమే అనను. కొన్ని యూనివర్సిటీలు వేలల్లో ఫీజు తీసుకుని ఆరు వారాలు నిజంగానే క్లాసులు చెప్పి, ల్యాబ్ పని చేయిస్తాయి. పిల్ల అడగాల్సింది, మీరు కూడా అడగాల్సింది ఒకటే: అప్లై చేసినవాళ్లలో ఎంతమందిని కాదన్నారు? సమాధానం తప్పించుకుంటే అది క్యాంపు. క్యాంపుకి వెళ్లడం తప్పు కాదు, నాలుగు విషయాలు నేర్చుకుంటారు, స్నేహితులు దొరుకుతారు. దాన్ని "స్టాన్‌ఫర్డ్ ఇంటర్న్‌షిప్" అని అప్లికేషన్‌లో రాసి ఫలితం ఆశించడం తప్పు. అడ్మిషన్ ఆఫీసర్లు వందల ఊళ్ల నుంచి అవే పేర్లు ఏటా చదువుతారు. ఏది కొన్నది, ఏది గెలిచింది వాళ్లకి బాగా తెలుసు.

బంగారు రంగు ముద్ర వేసి "మీ అబ్బాయి నామినేట్ అయ్యాడు, భవిష్యత్ వైద్య నాయకుడు" అని పోస్టులో వచ్చే ఉత్తరాల సంగతి వేరే చెప్పక్కర్లేదు. అది మెయిలింగ్ లిస్టు. ఇండియాలో తాతగారికి ఫోటో పంపేముందు చించేయండి.

ఇంకో రకం, ఆన్‌లైన్‌లో ఒక మెంటర్‌ని కేటాయించి పిల్లాడి పేరు మీద పేపర్ వచ్చేలా చూసేవి. 2023 మేలో ప్రోపబ్లికా వార్తా సంస్థ ఈ వ్యాపారం మీద పెద్ద పరిశోధనా కథనం వేసింది. ఇలాంటి సేవలకి 2,500 నుంచి 10,000 డాలర్ల దాకా తీసుకుంటున్నారని అందులో రాశారు. వాటిలో మంచి మెంటర్లు ఉండొచ్చు. నా అనుభవంలో తేడా ఒక్క ప్రశ్నకే బయటపడుతుంది. ఇంటర్వ్యూలో "ఫిగర్ 2లో ఎర్రర్ బార్లు దేనివి, స్టాండర్డ్ డీవియేషనా స్టాండర్డ్ ఎర్రరా" అని అడుగుతాం. సొంతంగా చేసిన పిల్ల తప్పో ఒప్పో ఏదో ఒకటి చెప్తుంది. కొనుక్కున్న పిల్ల మెంటర్ పేరు చెప్తుంది. డబ్బు తీసుకుని రెండు వారాల్లో "పీర్ రివ్యూ" పూర్తిచేసే జర్నల్ కనిపిస్తే దూరంగా ఉండండి. పిల్లల పేరు గూగుల్‌లో శాశ్వతంగా ఆ జర్నల్ పక్కనే కనిపిస్తుంది.

ప్రొఫెసర్‌కి మెయిల్

చాలామంది పిల్లలకి నిజంగా పనికొచ్చే దారి ఇది. దీన్నే అందరూ పాడుచేస్తారు. మా ప్రొఫెసర్‌కి వచ్చే మెయిళ్లు నేనూ చూస్తుంటాను. ఎక్కువ భాగం ఇలా ఉంటాయి: "రెస్పెక్టెడ్ సర్" (ప్రొఫెసర్ ఆవిడ), చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే ప్రాణం, మీ అద్భుతమైన పరిశోధన నన్ను ఆకట్టుకుంది, కింద రెండు పేజీల రెజ్యుమే, అందులో సెకండ్ గ్రేడ్ స్పెల్లింగ్ బీ కూడా. ఏ పరిశోధన ఆకట్టుకుందో చెప్పరు. వాక్యాలన్నీ ఒకే యంత్రం నుంచి వచ్చినట్టు నున్నగా ఉంటాయి. మరీ ఘోరం, మెయిల్ తండ్రి ఆఫీసు అకౌంట్ నుంచి రావడం. "మా అమ్మాయి తరఫున రాస్తున్నాను" అన్న లైన్‌తోనే ఆ కథ ముగుస్తుంది.

జవాబు వచ్చే మెయిల్ పొట్టిగా ఉంటుంది. సబ్జెక్ట్ లైన్‌లో ఏ స్కూలు, ఏ గ్రేడ్, ఏ తేదీల్లో రాగలదు. మొదటి వాక్యంలో ల్యాబ్ ఈ మధ్య వేసిన ఒక పేపర్ పేరు, అందులో తనకి అర్థంకాని ఒక నిర్దిష్టమైన విషయం: "ఈ సెల్ లైన్‌నే ఎందుకు వాడారు, మామూలు కిడ్నీ కణాలు ఎందుకు కావు?" లాంటిది. తర్వాత తను చేయగలిగిన పని, నిజంగా చేయగలిగింది: పైథాన్‌లో డేటా శుభ్రం చేయడం, ఇమేజ్‌జేలో కణాలు లెక్కపెట్టడం, ఏపీ బయాలజీ ల్యాబ్‌లో జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ చేసిన అనుభవం. చివర గంటలు: "జూన్ 15 నుంచి ఎనిమిది వారాలు, వారానికి నాలుగు రోజులు, రాకపోకలు మేమే చూసుకుంటాం." అంతే. రెజ్యుమే ఒక పేజీ.

టైమింగ్ ముఖ్యం. ఎన్ఐహెచ్‌లో ఆర్01 గ్రాంట్ కొత్త దరఖాస్తులకి గడువులు ఫిబ్రవరి 5, జూన్ 5, అక్టోబర్ 5. వాటికి ముందు రెండు వారాలు ఏ మెడికల్ స్కూల్ ప్రొఫెసరూ ఈ లోకంలో ఉండరు. ఫిబ్రవరి రెండో వారంలో పంపితే చదువుతారు. పది రోజులు చూసి ఒక్కసారి గుర్తుచేయాలి, అంతకు మించి వద్దు. ఒకే డిపార్ట్‌మెంట్‌లో ఇరవై మందికి ఒకే మెయిల్ పంపకండి, వాళ్లంతా ఒకే లంచ్ రూములో తింటారు. పెద్ద పేరున్న ప్రొఫెసర్ కంటే కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర పిల్లకి ఎక్కువ టైమ్ దొరుకుతుంది. పేరు మోసిన ల్యాబ్‌లో పోస్ట్‌డాక్‌కి ఖాళీ ఉండదు, పిల్ల ఎనిమిది వారాలు ట్యూబుల మీద లేబుళ్లు అతికిస్తుంది.

ల్యాబ్‌లో చేరాక మొదటి వారంలో జరిగే పొరపాట్లు చాలా చిన్నవి, కానీ ఖరీదైనవి. మైక్రోపిపెట్ బటన్‌కి రెండు ఆపులుంటాయి. పీల్చేటప్పుడు మొదటి ఆపు దగ్గర ఆగాలి, వదిలేటప్పుడు రెండో ఆపు దాకా నొక్కాలి. పిల్లలు కంగారులో పీల్చేటప్పుడే పూర్తిగా నొక్కేస్తారు. కొలత ఎక్కువ పడుతుంది, ఆ రోజు పీసీఆర్ పాడవుతుంది, ఎందుకు పాడైందో రెండు రోజులు వెతుకుతాం. దీనికి మేం చేయించే సాధన చాలా సులువు: త్రాసు మీద నీళ్లు వేయించడం. వెయ్యి మైక్రోలీటర్ల నీళ్లు ఒక గ్రాము తూగాలి. పదిసార్లు వరసగా తూగితే అప్పుడు రియేజెంట్లు ముట్టుకోనిస్తాం. ఇది విసుగ్గా ఉందని మొహం పెట్టిన పిల్లలు ఉన్నారు, అడక్కుండానే పదకొండోసారి చేసినవాళ్లూ ఉన్నారు. లెటర్ రాసేటప్పుడు ప్రొఫెసర్ నన్ను అడిగేది ఆ తేడా గురించే.

హాస్పిటల్ వైపు

మెడికల్ ఇంటర్న్‌షిప్ అని మనం అనేది చాలాసార్లు రెండు వేర్వేరు పనులు. షాడోయింగ్ అంటే డాక్టర్ వెనకాల నిలబడి చూడడం. వాలంటీరింగ్ అంటే వీల్‌చెయిర్ తోయడం, దుప్పట్లు సర్దడం, డెస్క్ దగ్గర దారి చెప్పడం. మన తల్లిదండ్రులు మొదటిదానికి మొగ్గుతారు, ఎందుకంటే తెలిసిన తెలుగు డాక్టర్ ఎవరో ఒకరు ఉంటారు. కానీ పిల్ల పేషెంట్ల మధ్య పని నేర్చుకునేది రెండోదాంట్లోనే. ఏడాది పాటు ప్రతి శనివారం వెళ్లినట్టు వాలంటీర్ ఆఫీస్ ఇచ్చే గంటల లెక్క, అంకుల్ ఇచ్చే రెండు రోజుల షాడోయింగ్ లెటర్ కంటే బరువైనది. కొన్ని రాష్ట్రాల్లో 16 ఏళ్లకే ఈఎంటీ గానీ నర్సింగ్ అసిస్టెంట్ గానీ ట్రైనింగ్ తీసుకోవచ్చు. కష్టమైన పనే, అందుకే విలువ.

వాలంటీర్‌గా చేరేముందు టీబీ పరీక్ష అడుగుతారు. ఇక్కడ ఇండియాలో పుట్టిన పిల్లలకి ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. పుట్టినప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల చేతి మీద చేసే స్కిన్ టెస్ట్ తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు. అప్పుడు ఎక్స్‌రే, డాక్టర్ నోట్, నెల ఆలస్యం. ముందే బీసీజీ వేయించామని చెప్పి రక్తపరీక్ష, క్వాంటిఫెరాన్ లాంటిది, చేయించమని అడగండి. దాని మీద బీసీజీ ప్రభావం ఉండదు. గుంటూరులోనో వరంగల్‌లోనో వేయించిన టీకాల కార్డు పోయి ఉంటే చికెన్‌పాక్స్, హెపటైటిస్ బీ యాంటీబాడీల పరీక్ష కూడా అడుగుతారు. ఇవన్నీ మార్చిలోనే తేల్చుకుంటే జూన్‌లో పరుగులు ఉండవు.

పేషెంట్ల గోప్యతని కాపాడే హిపా చట్టం గురించి ఓరియెంటేషన్‌లో చెప్తారు, పిల్లలు తలూపుతారు, తర్వాత స్క్రబ్స్‌లో సెల్ఫీ దిగుతారు. వెనకాల బోర్డు మీద గది నంబర్, పేషెంట్ ఇంటిపేరు కనిపిస్తుంది. ఆ ఫోటో ఇన్‌స్టాగ్రామ్‌లో పడినరోజే బ్యాడ్జి వెనక్కి తీసుకుంటారు. పేరొక్కటే కాదు, ముఖం, మెడికల్ రికార్డ్ నంబర్, అడ్మిట్ అయిన తేదీ కూడా గుర్తింపు సమాచారమే. కాలేజీ ఎస్సేలో పేషెంట్ కథ రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త.

వేసవికి ఇండియా తీసుకెళ్లి మేనమామ నర్సింగ్ హోమ్‌లో "ఎక్స్‌పోజర్" ఇప్పించడం మనలో బాగా నడుస్తున్న పద్ధతి. ఓపీలో కూర్చుని చూడడంలో తప్పు లేదు. జిల్లా టౌన్ హాస్పిటల్లో ఒక ఉదయం కనిపించే రోగాలు, డబ్బు లేక మందు సగంలో మానేసిన పేషెంటు, ఇవి ఎస్సేకి మాత్రమే కాదు, పిల్ల నిజంగా ఈ పని కావాలనుకుంటుందో లేదో తేలడానికి పనికొస్తాయి. హద్దు ఎక్కడంటే, చేత్తో చేయడం దగ్గర. "మావాడు కుట్లు వేశాడు", "సిజేరియన్‌లో అసిస్ట్ చేశాడు" అని మురిసిపోయే ఫోటోలు నేను చూశాను. అమెరికన్ మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఈ విషయంలో స్పష్టమైన మార్గదర్శకాలు ఇచ్చింది: శిక్షణ లేనివాళ్లు విదేశంలో అయినా పేషెంట్ మీద చేయి వేయకూడదు, వేస్తే అది దరఖాస్తుకి చేటు చేయొచ్చు. ఆ పేషెంటుకి చెప్పి ఒప్పించారా అన్న ప్రశ్న ముందు మేనమామని అడగండి.

సైన్స్ ఫెయిర్ కాగితాలు

సమ్మర్ పనిని సైన్స్ పోటీలకి, అంటే ఐసెఫ్‌కో రీజెనరాన్ సైన్స్ టాలెంట్ సెర్చ్‌కో తీసుకెళ్దామనుకునేవాళ్లు టాలెంట్ సెర్చ్ మొదటి బహుమతి 2,50,000 డాలర్లని చూస్తారు, నిబంధనల పుస్తకం చూడరు. ఎక్కువ ప్రమాదం సర్వేలతో. ఎడిసన్‌లో ఒక టెన్త్ గ్రేడ్ కుర్రాడు తెలుగు బడి పిల్లలకి నిద్ర మీద, ఆందోళన మీద గూగుల్ ఫారం పంపి రెండు వందల జవాబులు పోగుచేశాడనుకోండి. చూడ్డానికి హాని లేని పని. కానీ మనుషుల మీద చేసే అధ్యయనానికి నైతిక సమీక్ష బోర్డు, అంటే ఐఆర్‌బీ అనుమతి డేటా తీసుకోకముందే ఉండాలి. తర్వాత తెచ్చిన అనుమతి ఆ డేటాని బతికించదు. ప్రాజెక్ట్ అక్కడితో ఆగిపోతుంది. ఫారం పంపే ముందు స్కూల్ సైన్స్ టీచర్‌ని కలిస్తే సరిపోయేది.

యూనివర్సిటీ ల్యాబ్‌లో చేసిన పనికి 1సీ అని ఒక ఫారం ఉంటుంది. పిల్ల సొంతంగా ఎంత చేసింది, ల్యాబ్ ఎంత చేసిపెట్టింది అనేది పని పూర్తయ్యాక మెంటర్ రాసి సంతకం పెట్టాలి. ఇది ఆఖరి వారంలోనే పూర్తిచేయించుకోండి. అదే వారంలో ల్యాబ్ నోట్‌బుక్ అప్పగించి, ఏ డేటా, ఏ బొమ్మలు బయట చూపించొచ్చో మెయిల్‌లో రాయించుకోవాలి. డేటా ల్యాబ్‌ది, పిల్లది కాదు, సొంత డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవడం పెద్ద గొడవకి దారితీస్తుంది. రికమెండేషన్ లెటర్ కూడా అప్పుడే అడగాలి, తను చేసిన పనుల జాబితా ఒక పేజీ జతచేసి. కామన్ యాప్‌లో ఒక్కో యాక్టివిటీ వివరణకి ఇచ్చేది 150 అక్షరాలే, ఆ జాబితా అక్కడా పనికొస్తుంది. ఎర్లీ డెసిషన్ నవంబర్ 1 అని అక్టోబర్‌లో గుర్తొచ్చి అడిగితే, మా ప్రొఫెసర్ అప్పటికి అక్టోబర్ 5 గ్రాంట్ ముగించుకుని పేరుకుపోయిన మెయిళ్లలో మునిగి ఉంటారు. మీ పిల్ల ఏం చేసిందో ఆవిడ వచ్చి నన్ను అడుగుతారు, నాకు గుర్తున్నంత వరకే చెప్పగలను.